పొగ లేని నిప్పు

మా అమ్మకీ ఆ గది కిటికీకీ మొదటి రోజు నుంచే పడలేదు.

న్యూజీలాండ్‌లో అట్టడుగున, ఇంకా కిందికి పోతే మంచు తప్ప మనుషులుండరు అన్నట్టుండే ఊరు ఇన్వర్‌కార్గిల్. మా ఆయన అక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకుని, ఆ ఊళ్ళోనే కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలో సెటిలయ్యాడు. నేను ముసలివాళ్ళ హోములో పనిచేసేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ సంగతి. మా పాప జూన్‌లో పుట్టింది. జూన్ అంటే మనకి తొలకరి. అక్కడ నట్టనడి చలికాలం. మధ్యాహ్నం దాటితే చాలు, సూర్యుడు ఇంటికెళ్ళే గుమాస్తాలా తొందరపడేవాడు.

పురిటికి సాయం చెయ్యడానికి అమ్మ వచ్చింది. నాన్నకి సెలవు దొరక్క ఒక్కతే వచ్చింది. విజయవాడ దాటాలంటే తోడు కావాలనే మనిషి, మాట రాని దేశాల్లో విమానాలు మారుకుంటూ, చేతిలో నా ఫోన్ నంబరు రాసిన రుమాలు పట్టుకుని దిగింది. ఆక్లాండ్‌లో కస్టమ్స్‌వాళ్ళు సంచీ మొత్తం విప్పి వసకొమ్ము, కరక్కాయ, ఎండు వావిలాకు తీసేసుకున్నారు. సాంబ్రాణీ సానరాయీ మాత్రం వదిలేశారు.

"అరగదీసే రాయి ఇచ్చి, అరగదీయాల్సిన కొమ్ము లాక్కున్నారే! వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది నన్ను చూడగానే. ఎలా ఉన్నావని అడగడం ఆ తర్వాతే.

మాది పాత చెక్క ఇల్లు, అద్దెది. ముందు గదిలో గోడలోకి కట్టిన బొగ్గుల పొయ్యి, దాని మీద చిమ్నీ. ఆ ఊళ్ళో అందరూ బొగ్గే కాల్చేవారు. చిక్కేమిటంటే వెచ్చదనమంతా ఆ ముందు గదికే. పడకగదిలోకి వస్తే ఐస్ పెట్టెలో అడుగుపెట్టినట్టే. ఉన్న ఒక్క కరెంటు హీటరు దాని ముందు కూర్చున్నవాళ్ళ కాళ్ళని వేడిచేసేది, వీపుని కాదు. తెల్లారేసరికి కిటికీ అద్దాల లోపలివైపు నీళ్ళు కారుతుండేవి. ఇల్లంతా వెచ్చగా ఉంచుకోవచ్చన్న ఆలోచనే అక్కడివాళ్ళకి లేదు. చలేస్తే ఇంకో స్వెటరు వేసుకో అంటారు, అంతే.

పురుడు పోసిన మిడ్‌వైఫ్ ఆ తర్వాత కూడా ఇంటికి వచ్చి చూసి వెళ్ళేది. మంచి మనిషి. వచ్చీరాగానే పాపని ముద్దాడి, నేరుగా వెళ్ళి కిటికీ తీసేది.

"ఏమంటోందే?" అని అమ్మ.

"రోజూ కాసేపు కిటికీ తీసి ఉంచమంటోంది. గదిలో తేమ చేరకూడదట, గాలి ఆడాలట."

"పచ్చి బాలింత గదిలో కిటికీ తీస్తారటే ఎవరైనా? ఇంతకీ ఈవిడకి పిల్లలున్నారా, అడుగు."

"నలుగురున్నారమ్మా."

"అయితే వాళ్ళని ఈవిడ తల్లి పెంచి ఉంటుంది."

మిడ్‌వైఫ్ నవ్వి, మీ అమ్మగారు ఏమన్నారు అని అడిగింది. మీకు థాంక్స్ చెబుతోంది అన్నాను. ఆవిడ కారు వీధి మలుపు తిరగకముందే అమ్మ కిటికీ మూసేసింది. ఇలా రెండు మూడు సార్లు అయ్యాక, ఊరినుంచి తెచ్చిన అట్టపెట్టెకి చుట్టగా మిగిలిన గోధుమరంగు టేపుతో కిటికీ చుట్టూ సందులన్నీ అంటించేసింది. తలుపు కిందికి పాత చీర చుట్టచుట్టి దూర్చింది. మా ఆయన చూసి, "అత్తయ్యగారూ, ఇది ఇల్లా, పార్సిలా?" అన్నాడు. అమ్మకి నవ్వు రాలేదు.

అమ్మ బాధ నాకు అర్థం కాకపోలేదు. తను నన్ను కన్నప్పుడు మా అమ్మమ్మ చేసినవన్నీ వరసగా చెయ్యాలని వచ్చింది. వేన్నీళ్ళు, పథ్యం, నడుంకట్టు, సాంబ్రాణి, మంచం కింద కుంపటి. పథ్యం నడిచింది. వెల్లుల్లి కారం, వేయించిన వాము, నేతి అన్నం తిన్నాను. నడుంకట్టు నడిచింది. పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని అమ్మ నీళ్ళు పోస్తుంటే కళ్ళు తిప్పుకోలేకపోయేదాన్ని. రెండు పిక్కల మధ్య పాప అచ్చుపోసినట్టు ఒదిగేది, ఏడ్చేది కూడా కాదు. సాంబ్రాణి పొగ వెనక వరండాలో తువ్వాలుకి పట్టించి తెచ్చేది, ఎందుకంటే వచ్చిన మర్నాడే చారుకి పోపు పెడితే పైన పొగని పసిగట్టే అలారం గీపెట్టి, అమ్మ గరిటె చేత్తో పట్టుకుని పోలీసులొస్తారని వీధి తలుపు దగ్గర నిలబడింది. ఒక్క కుంపటి దగ్గరే నేను ఖరాఖండిగా వద్దన్నాను.

"మంచం కింద వేడి తగలకపోతే రేపు నడుము పనికిరాదే. వాతం చేస్తుంది."

"చెయ్యనీ. ఇంట్లో నిప్పు తేవద్దు. అలారం మోగుతుంది, ఫైరింజను వస్తుంది."

"పొగొస్తే కదా మోగేది?"

అప్పుడే నేను ఆగి వినాల్సిన మాట అది. కానీ పాప ఏడ్చింది, నేను లేచాను, మాట అక్కడికి తెగిపోయింది.

ఆ రోజు పొద్దుటి నుంచీ వడగళ్ళు. రేకుల కప్పు మీద ఎవరో గులకరాళ్ళు దోసిళ్ళతో విసురుతున్నట్టు ఒకటే మోత. మా ఆయన ఆఫీసుకి వెళ్ళాడు. నీళ్ళు పోసుకుని, తిని, పాపకి పాలిచ్చి ఊయలబుట్టలో పడుకోబెట్టి నేనూ నడుం వాల్చాను. అమ్మ మంచం పక్కన కుర్చీలో కూర్చుని దుప్పటి కప్పింది. "పడుకో తల్లీ, నేనున్నాగా," అంది. అంత వరకూ గుర్తుంది.

పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసి మెలకువ వచ్చింది. మొట్టమొదట అనిపించింది, ఆహా, ఎంత వెచ్చగా ఉంది అని. ఆ ఇంట్లో నేనెప్పుడూ ఎరగని వెచ్చదనం. దుప్పటి తీసేసినా చలెయ్యలేదు. తర్వాత తలనొప్పి తెలిసింది. కణతలు చితికిపోతున్నాయి, కడుపులో తిప్పుతోంది. బాలింతకి ఇవన్నీ మామూలే కదా అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకోబోయాను.

జాకెట్టు తడిగా ఉంది. అంటే పాలవేళ దాటిపోయింది. మరి ఇది ఏడవదేం?

ఆ ప్రశ్న నన్ను లేపింది. అమ్మ కుర్చీలో తల ఒక పక్కకి వాల్చి, నోరు తెరుచుకుని ఉంది. "అమ్మా" అన్నాను. పలకలేదు. మంచం అంచు పట్టుకుని కిందికి చూశాను. తోటలోంచి తెచ్చిన రెండు ఇటుకలు, వాటి మీద అంతకుముందు అద్దెకున్నవాళ్ళు వదిలి వెళ్ళిన కేకులు కాల్చే ఇనప పళ్ళెం, దాని నిండా ముందు గది పొయ్యిలోంచి తీసుకొచ్చిన నిప్పులు. ఎర్రగా, అందంగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. కాస్తంత పొగ కూడా లేదు. అమ్మ జాగ్రత్తగా పొగంతా పోయేదాకా ఆగి, కణకణలాడే నిప్పులే ఏరి తెచ్చింది. అలారం మోగకుండా, కూతురికి వెచ్చగా ఉండేలా.

నిప్పు లేనిదే పొగ రాదని మనకి సామెత ఉంది. పొగ లేని నిప్పు గురించి మాత్రం ఎవరూ సామెత కట్టలేదు. మా ఊళ్ళో దాని అవసరం పడలేదు. పెంకుటింటి సందుల్లోంచి, తలుపుల కంతల్లోంచి గాలి దానంతటదే వచ్చి పోయేది. కుంపటి చంపుతుందని మా అమ్మమ్మకి తెలియదు, అందుకని మా అమ్మకీ తెలియదు. నాకు తెలుసు. హోములో పనికి చేరిన కొత్తలో మాకు చెప్పారు: మూసిన గదిలో బొగ్గు మండితే వచ్చే గాలికి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

లేవబోతే కాళ్ళు ఆనలేదు. నేల మీద పాకుతూ కిటికీ దగ్గరికి వెళ్ళాను. అమ్మ అంటించిన టేపు. గోళ్ళతో గీకాను. రాలేదు. దిక్కుమాలిన టేపు, ఎంత బాగా అంటించిందో! పట్టు లేక వేళ్ళు జారిపోతున్నాయి. తలుపు గదికి ఆ చివర ఉంది, అంత దూరం పాపతో వెళ్ళగలనన్న నమ్మకం లేదు. పక్కన బల్ల మీద సానరాయి కనిపించింది. రెండు చేతులతో ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి అద్దానికేసి కొట్టాను.

చలిగాలి చెంపదెబ్బలా తగిలింది. వెనక్కి వెళ్ళి పాపని ఎత్తుకున్నాను. మెడ వాలిపోయింది. గుడ్డబొమ్మని ఎత్తినట్టుంది. పగిలిన అద్దం దగ్గర దాని ముఖం బయటికి పెట్టి, "ఏడవవే, ఏడవవే నా తల్లీ," అంటూ పాదాలు నలిపాను. ఏడవలేదు. వడగళ్ళు దాని టోపీ మీద పడుతున్నాయి. ఆ టోపీ అల్లి ఇచ్చిన పక్కింటి పెద్దావిడ అద్దం పగిలిన చప్పుడుకి గొడుగు కూడా లేకుండా కంచె దగ్గరికి వచ్చింది. నేను ఏమి అరిచానో, ఏ భాషలో అరిచానో నాకు తెలియదు. ఆవిడ వెనక తలుపులోంచి వచ్చి ముందు పాపనీ నన్నూ బయటికి లాగింది, తర్వాత లోపలికి వెళ్ళి మా అమ్మని రెండు చంకల కింద చేతులేసి వరండాలోకి ఈడ్చుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి! అంబులెన్సుకి ఫోన్ చేసిందీ ఆవిడే.

మెట్ల మీద, వానలో, పాప పిల్లికూనలా ఒక్కసారి మూలిగింది. నా జన్మలో నేను విన్న శబ్దాలన్నింటిలోకీ అదే గొప్పది.

హాస్పిటల్లో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి పాప పాలు తాగింది. మా ఆయన దాని పాదం పట్టుకుని కూర్చున్నాడు, అమ్మ వైపు చూడలేదు. డాక్టరు వచ్చి, మీ అమ్మగారికి ఇంగ్లీషు రాదు కాబట్టి మీరే చెప్పండి అన్నాడు. కుర్రాడే. మెత్తగా, నిదానంగా చెప్పాడు. నేను మెత్తగా చెప్పలేదు.

"వింటున్నావా? ఇంకాసేపు మెలకువ రాకపోతే పాప దక్కేది కాదంటున్నాడు. దాని తర్వాత మనిద్దరం. నువ్వు పెట్టిన కుంపటి వల్ల. తెలిసిందా?"

అమ్మ ముక్కు మీద మాస్కుతో తలూపింది.

"కిటికీ తియ్యమని ఆవిడ ఎన్నిసార్లు చెప్పింది? ఆవిడకి పిల్లలున్నారా అని అడిగావుగా! ఇంక నా పిల్లని ముట్టుకోకు."

అది డాక్టరు చెప్పలేదు. ఆ ముక్క నాది. అనేశాను, అంతే.

మా అమ్మ నా మాట వినడం నా జన్మలో అదే మొదటిసారి. ఇంటికొచ్చాక పాపని ముట్టుకోలేదు. వండేది, గుడ్డలు ఉతికి పొయ్యి ముందు ఆరేసేది, నాకు పథ్యం కంచం తెచ్చి గడప బయట నిలబడి అందించేది. కిటికీకి మా ఆయన కొత్త అద్దం వేయించాడు. టేపు నేనే కత్తితో గీకాను. పాప ఏడిస్తే అమ్మ వంటింట్లో ఉన్న చోటే ఆగిపోయేది, నేను ఎత్తుకున్న చప్పుడు వినబడ్డాక మళ్ళీ గరిటె కదిలేది. నాన్నకి ఫోన్ కార్డు గీకి మాట్లాడితే "అంతా బావున్నాం" అనేది. కళ్ళు మాత్రం ఎవరికీ చూపించేది కాదు.

"టికెట్ ముందుకి జరుపుదాం," అన్నాడు మా ఆయన ఒక పూట, తలుపు దగ్గరగా వేసి. "నేను ఆఫీసులో కూర్చోలేకపోతున్నాను. ప్రతి గంటకీ ఇంటికి ఫోన్ చేస్తున్నాను. ఆవిడ మంచికే చేసిందని నాకు తెలుసు. ఆ మంచే నాకు భయం."

నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఇటు తిరిగితే అమ్మ. చేతిలో ఇస్త్రీ చేసిన పాప గౌన్లు. విన్నదో లేదో అడగక్కర్లేదు. గౌన్లు బల్ల మీద పెట్టి, "పెట్టె సర్దుకోవడం ఎంతసేపు బాబూ, ఎప్పుడంటే అప్పుడే," అంది అల్లుడితో. మా ఆయన ముఖం మాడిపోయింది.

నాకు అప్పుడు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. అమ్మని పంపేస్తే పాప క్షేమంగా ఉంటుంది. అలాగని ఈ మనిషి ఇలా వెళ్ళిపోతే, మళ్ళీ జన్మలో ఏ పసిపిల్లనీ ఎత్తుకోదు. మా చెల్లెలికి పెళ్ళయింది, రేపు దానికి పుట్టినా ఎత్తుకోదు. అది కళ్ళకి కట్టినట్టు తెలుస్తోంది.

ఆ శనివారం పాపకి నీళ్ళు పోద్దామని కూర్చున్నాను. హాస్పిటల్ నుంచి వచ్చినప్పటినుంచీ మిడ్‌వైఫ్ చూపించినట్టు ప్లాస్టిక్ తొట్టిలోనే పోశాను. తొట్టిలో పెట్టడం ఆలస్యం, అది గుక్కపట్టి నీలుక్కుపోయేది. ఇంక లాభంలేదని స్నానాలగదిలో పీట వాల్చుకుని, అమ్మ చేసినట్టే కాళ్ళు చాపి, దాన్ని పిక్కల మీద పడుకోబెట్టాను. చూస్తే ఎంత సులువో! చేస్తేనే తెలిసింది. ఒంటికి నూనె, చేతికి సబ్బు, కింద తడి. చెంబు ఎత్తేసరికి పాప ఒక పక్కకి జారింది. పట్టుకున్నాను. రెండో పక్కకి జారింది.

"కాళ్ళు దగ్గరికి పెట్టుకోవే! మెడ! మెడ కింద చెయ్యెయ్యి!"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో.

"నువ్వు రామ్మా."

"నేను ముట్టనే."

"అమ్మా, జారిపోతోంది."

"మీ ఆయన్ని పిలు."

"ఆయనకేం వచ్చు? అమ్మా, నా చెయ్యి నిలవట్లేదు, నిజం!"

నిజంగానే నిలవలేదు. మడమ తడి మీద జారి, కాళ్ళు విడివడిపోయాయి. నేను కేక వేశాను. నా కేక పూర్తయ్యేలోపు అమ్మ నా ఎదురుగా తడిలో చతికిలబడి, పాపని కింద తగలకుండా రెండు చేతుల్లో అందుకుంది. చీర మోకాళ్ళదాకా తడిసిపోయింది. కాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఆ తర్వాత చీర పైకి దోపి, కాళ్ళు చాపి, దాన్ని పడుకోబెట్టుకుని, "నీళ్ళు అందుకో, చల్లారిపోతున్నాయి," అంది. పాప ఏడుపు ఆపేసింది.

నా కేకకి పరుగెత్తుకొచ్చిన మా ఆయన గుమ్మంలో ఆగిపోయి అంతా చూశాడు. నీళ్ళు పోయడం అయ్యాక అమ్మ పాపని తువ్వాల్లో చుట్టి, నాకు కాదు, అతని చేతుల్లో పెట్టింది.

"ఇక్కడే ఉండు బాబూ. నేను పిలిచాక తీసుకురా," అంది.

పడకగదిలోకి వెళ్ళింది. అలవాటుగా చెయ్యి సాంబ్రాణి డబ్బా పెట్టే అలమర వైపు వెళ్ళి, మధ్యలోనే వెనక్కి వచ్చేసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి పూర్తిగా తీసింది. బయట మంచు ఇంకా కరగలేదు, గడ్డి తెల్లగా ఉంది. చలిగాలికి పరదా లోపలికి ఎగిరింది. హీటరు కూడా వెయ్యని ఆ గదిలో, ఆ రోజు కూర్చున్న కుర్చీలోనే, తడిచీరతో వెళ్ళి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బలంగా ఊపిరి పీల్చి వదులుతోంది. మళ్ళీ పీల్చి వదులుతోంది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. పాప పీల్చే గాలి ముందు తను పీల్చి చూస్తోంది.

"అమ్మా, లే. తడిబట్టలతో ఏమిటిది? ఇప్పుడు ఇక్కడ ఏమీ లేదు," అన్నాను.

"ఆ రోజూ ఏమీ లేదనే అనుకున్నాను కదే," అంది అమ్మ.

దుప్పటి తెచ్చి ఆమెకి కప్పి, మంచం అంచున పక్కనే కూర్చుని నేనూ ఊపిరి పీల్చాను. తలుపు బయట మా ఆయన పాపని గుండెకి హత్తుకుని అమ్మ పిలుపు కోసం నిలబడి ఉన్నాడు.